నవ్వించే తండ్రి, నవ్వులపాలైన తల్లి

తెలుగులో ‘ట’ అని ఒక చిన్న ముక్క ఉంది. “వాళ్ళబ్బాయికి నెలకి మూడు లక్షలట” అన్నామంటే ఆ సంగతికి పూచీ మనది కాదు. ఎవరో అన్నారు, మనం చేరవేశాం, అంతే. ఆ ‘ట’ని కాస్త సాగదీస్తే వెక్కిరింపు కూడా అందులోనే పలుకుతుంది. ఇంగ్లీషు క్రియలకి ఇలాంటి తోక లేదు. జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చదివేటప్పుడు మనవాళ్ళు చాలామంది తడబడేది సరిగ్గా ఇక్కడేనని నా అనుమానం. 1813 జనవరిలో అచ్చయిన ఆ పుస్తకం నిండా కనపడని ‘ట’లే.

మొదటి వాక్యమే చూడండి. బాగా ఆస్తి ఉన్న పెళ్ళికాని మగవాడికి భార్య లేని లోటు ఉండి తీరుతుందన్నది లోకమంతా ఒప్పుకున్న సత్యం, అంటుంది. ఎవరంటున్నారు ఈ మాట? పైకి రచయిత్రి గొంతే. రెండో వాక్యానికి వచ్చేసరికి సంగతి బయటపడుతుంది. అలాంటివాడు ఊళ్ళో దిగగానే, అతని మనసులో ఏముందో ఎవరికీ తెలియకపోయినా సరే, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అతన్ని తమ కూతుళ్ళలో ఎవరో ఒకరికి దక్కాల్సిన సొత్తుగా లెక్కేసుకుంటారు. అంటే ఇక్కడ లోకమంటే ఆడపిల్లలున్న నాలుగిళ్ళు. లోటు కూడా అతనిది కాదు, వాళ్ళది. ఆస్తి ఉన్నవాడు కాస్తా రెండు వాక్యాల్లో తనే ఆస్తి అయిపోయాడు. తెలుగులోకి దించేవాళ్ళకి ఇది పెద్ద ఇరకాటం. ‘సత్యమట’ అని రాస్తే జోకు ముందే తెలిసిపోతుంది. ‘సత్యం’ అని వదిలేస్తే సామెతలా ఉండిపోతుంది.

ఆ వాక్యాన్ని మనస్ఫూర్తిగా నమ్మే మనిషి నవలలో ఒకావిడ ఉంది. ఐదుగురు ఆడపిల్లల తల్లి మిసెస్ బెనెట్. ఎప్పుడూ నరాల బలహీనత, ఎప్పుడూ పెళ్ళిళ్ళ గోల. ఆవిడ మీద నవ్వని పాఠకుడు ఉండడు. భర్త మిస్టర్ బెనెట్ తన లైబ్రరీలో కూర్చుని ఆవిడ మీద చతుర్లు విసురుతుంటాడు, మనం ఆయన పక్షాన చేరిపోతాం. నేనూ మొదటిసారి చదివినప్పుడు ఆయనకి పూర్తిగా పడిపోయాను. మళ్ళీ మళ్ళీ చదివాక తెలిసింది, ఆస్టిన్ వల పన్నింది అక్కడేనని.

లెక్క చూద్దాం. లాంగ్‌బోర్న్‌లో బెనెట్ల ఎస్టేటు మీద ఏడాదికి 2,000 పౌన్ల రాబడి. బండి, గుర్రాలు, వంటమనిషి, నౌకర్లు ఉన్న ఇల్లు. కానీ ఆ భూమికి ‘ఎన్‌టెయిల్’ అనే మెలిక ఉంది. ఎస్టేటు ముక్కలు కాకుండా ఉండాలని పెద్దలు రాసిపెట్టే షరతు అది. ఇప్పుడు అనుభవిస్తున్నవాడు దాన్ని అమ్మడానికి లేదు, ఇష్టమైనవాళ్ళ పేర రాయడానికీ లేదు. ఆ రాతలో ఉన్న వరస ప్రకారం మగవారసుడికే పోతుంది. బెనెట్‌కి కొడుకులు లేరు. ఆయన కన్ను మూసిన రోజున ఇల్లూ పొలమూ కాలిన్స్ అనే దూరపు చుట్టానికి, ఒక చర్చి పాస్టరుకి వెళ్తాయి. భార్యాపిల్లలకి పెళ్ళినాటి ఒప్పందం కింద ఉన్నది మొత్తం 5,000 పౌన్లు. నాలుగు శాతం వడ్డీ వేసుకుంటే ఏడాదికి 200. రెండు వేలతో నడిచిన సంసారం ఒక్క చావుతో రెండు వందలకి పడిపోతుంది, తినేవాళ్ళు ఆరుగురు, తలమీద ఇల్లు లేదు. తల్లి కూడా పోయాక తలా ఒక వెయ్యి, దానిమీద ఏడాదికి 40 పౌన్లు. కాలిన్స్ రెండో కూతురు ఎలిజబెత్‌ని, ఈ నవల నాయికని, పెళ్ళాడమని అడుగుతూనే ఈ లెక్క వడ్డీ శాతంతో సహా చెప్తాడు. పెళ్ళయ్యాక దీని గురించి ఒక్కనాడూ దెప్పనని హామీ కూడా ఇస్తాడు, పాపం.

ఆ కాలంలో ఇలాంటి ఇంటి ఆడపిల్లలకి పరువుగా బతకడానికి ఉద్యోగాలు దాదాపు లేవు. డబ్బున్నవాళ్ళ ఇంట్లో పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్ కొలువొకటి ఉండేది. అటు చుట్టంగా చూడరు, ఇటు పనివాళ్ళలో కలవనివ్వరు. కాబట్టి మిసెస్ బెనెట్ పెళ్ళిళ్ళ టెన్షన్‌ని ఉత్త పిచ్చి అని కొట్టిపారెయ్యడానికి లేదు. ఆ ఇంట్లో రేపటి గురించి నిద్ర మానుకున్న మనిషి ఆవిడొక్కతే.

అలాగని ఆవిడ తెలివైనదని ఆస్టిన్ ఎక్కడా అనదు. వానరోజు సంగతి తీసుకోండి. పక్క ఎస్టేటు నెదర్‌ఫీల్డ్‌ని అద్దెకి తీసుకుని బింగ్లీ అనే డబ్బున్న కుర్రాడు దిగాడు. అతని చెల్లెలు బెనెట్ల పెద్దమ్మాయి జేన్‌ని భోజనానికి పిలిచింది. జేన్ బండి అడుగుతుంది. తల్లి ఒప్పుకోదు. వాన వచ్చేలా ఉంది, గుర్రమ్మీద వెళ్ళు, అప్పుడు రాత్రికి అక్కడే ఉండిపోవాల్సొస్తుంది అంటుంది. జేన్ వెళ్ళిన కాసేపటికే వాన దంచింది. ఎంత మంచి ఆలోచన చేశానో అని ఆవిడ ఒకటికి రెండుసార్లు మురిసిపోయింది, ఆ వాన తనే కురిపించినట్టు. మర్నాడు జలుబు చేసిందని జేన్ నుంచి చీటీ వచ్చింది. అప్పుడు బెనెట్ అన్నమాట ఇది: పిల్ల ప్రాణం మీదకి వచ్చినా, అదంతా మిస్టర్ బింగ్లీ కోసం, నీ ఆజ్ఞ ప్రకారమే జరిగిందన్న తృప్తి మిగులుతుందిలే. అద్భుతమైన చురక. కానీ గమనించండి, ఆయనా ఇంట్లోనే ఉన్నాడు, వాన మబ్బు ఆయనకీ కనపడుతూనే ఉంది. అంత చక్కటి మాట అన్న మనిషి బండి మాత్రం కట్టించలేదు.

ఇదే ఆయన కథంతా. పెళ్ళైన కొత్తలో కొడుకు పుడతాడనుకున్నాడు. ఆ కొడుక్కి వయసొచ్చాక తండ్రీకొడుకులు కలిసి ఎన్‌టెయిల్ తెంపేసుకోవచ్చు, కాబట్టి పొదుపు అక్కర్లేదనుకున్నాడు. వరసగా ఐదుగురు కూతుళ్ళు పుట్టారు. కొడుకు మీద ఆశ పోయేసరికి ఇక దాచడం మొదలుపెట్టడానికి ఆలస్యమైపోయింది. అందానికి పడిపోయి పెళ్ళాడాడు, ఆవిడ బుర్ర ఎంతో తెలిశాక గౌరవం పోయింది. అక్కణ్ణించి భార్య తెలివితక్కువతనాన్నే వినోదంగా మార్చుకున్నాడు, అదీ పిల్లల ముందే. నలభై రెండో అధ్యాయంలో ఎలిజబెత్ మనసులో ఈ మాట బయటపడుతుంది. తండ్రి ముద్దుల కూతురు ఆవిడే. అయినా తల్లిని పిల్లల దృష్టిలో చులకన చేసిన ఆయన తీరుని తను ఎప్పుడూ గమనించకుండా లేనని ఒప్పుకుంటుంది.

ఆఖరి కూతురు లిడియాని బ్రైటన్ పంపొద్దని ఎలిజబెత్ బతిమాలినప్పుడు కూడా ఆయన చతుర్లే ఆడాడు. పదిహేనేళ్ళ పిల్ల, సిపాయిల క్యాంపు ఉన్న ఊరు. పంపకపోతే ఇంట్లో మనశ్శాంతి ఉండదని ఆయన బాధ. లిడియా వికమ్ అనే ఆఫీసరుతో లేచిపోయింది. ఆ దెబ్బకి ఆయన ఒక్కపూట నిజంగా కుంగిపోయి, తప్పు నాదే అంటాడు, వెంటనే ఆ బాధ త్వరలోనే పోతుందిలే అని కూడా అంటాడు. తన గురించి తనకి తెలుసు. తెలిసీ ఏమీ చెయ్యడు. ఈ నవలలో నాకు అన్నిటికంటే భయం కలిగించే లక్షణం అదే.

షార్లట్ లూకస్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎలిజబెత్ స్నేహితురాలు, ఇరవై ఏడేళ్ళు, అందగత్తె కాదు, కట్నానికి పెద్దగా సొమ్ము లేదు. కాలిన్స్‌ని ఎలిజబెత్ కాదన్న మూడు రోజుల్లోపే అతను షార్లట్‌ని అడిగాడు, ఆవిడ సరే అంది. ఆ వార్త విని షార్లట్ తమ్ముళ్ళు ఊపిరి పీల్చుకున్నారట, అక్క ముసలికన్యగా మిగిలిపోతుందన్న బెంగ తీరిందని. మగవాళ్ళ గురించి, పెళ్ళి గురించి తనకి గొప్ప అభిప్రాయాలేవీ లేవు. చదువు ఉండి డబ్బు లేని ఆడదానికి పరువైన దారి అదొక్కటే అనుకుంది, తీసుకుంది. ఎలిజబెత్‌కి కడుపు మండింది. మనకీ మండుతుంది, ఎందుకంటే అప్పటికి కాలిన్స్ ఎలాంటి వాడో పేజీల కొద్దీ చూశాం.

తరవాత ఎలిజబెత్ వాళ్ళ కాపురం చూడ్డానికి హన్స్‌ఫర్డ్ వెళ్తుంది. ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న పెద్ద గది ఉండగా షార్లట్ వెనకవైపు చిన్న గదిలో కూర్చుంటుంది. ఇదేమిటని ఎలిజబెత్ ఆశ్చర్యపోయి, కాసేపటికి గ్రహిస్తుంది. కాలిన్స్ గది రోడ్డు వైపు ఉంది. షార్లట్ కూడా అంత హుషారైన గదిలో కూర్చుంటే అతను గంటకోసారి వచ్చి కూర్చుంటాడు. తోటపని ఆరోగ్యానికి ఎంత మంచిదో షార్లట్ తరచూ మెచ్చుకుంటూ ఉంటుంది, అతను తోటలో ఉన్నంతసేపు ఇల్లు తనది కదా. భర్తలో మార్పు రాదని ముందే తెలుసు కాబట్టి గదుల్ని మార్చుకుంది. బెనెట్‌కి లైబ్రరీ, షార్లట్‌కి వెనక గది. ఇద్దరూ సరిపడని మనిషితో కాపురం చేస్తున్నవాళ్ళే. తేడా ఏమిటంటే షార్లట్ ఎవర్నీ నవ్వులపాలు చెయ్యదు. కాలిన్స్ పదిమందిలో సిగ్గుపడేలాంటి మాట అన్నప్పుడు చాలామటుకు విననట్టే ఉంటుంది.

షార్లట్ వయసు ఇరవై ఏడు అని చదివినప్పుడల్లా ఆస్టిన్ జీవితంలో ఒక రాత్రి గుర్తొస్తుంది. 1802 డిసెంబరు మొదట్లో, ఇరవై ఏడు నిండడానికి రెండు వారాల ముందు, హారిస్ బిగ్ వితర్ అనే ఎస్టేటు వారసుడు ఆమెని పెళ్ళాడమని అడిగాడు. స్నేహితురాళ్ళ తమ్ముడే. ఒప్పుకుంటే తనకీ అక్కకీ అమ్మకీ జీవితాంతం నీడ. సాయంత్రం ఒప్పుకుంది. తెల్లారేసరికి కాదంది. తరవాత పెళ్ళి చేసుకోలేదు. ఈ నవల హక్కులు అమ్ముకుంటే వచ్చింది 110 పౌన్లు, ఆమె అడిగింది 150. కాబట్టి షార్లట్ పేజీల్లో జాలీ కోపమూ అంత దగ్గరగా ఉండటం నాకు వింతగా అనిపించదు. ఆ రెండు దార్లలో ఒకదాని వెల ఎంతో రాసిన మనిషికి సొంతంగా తెలుసు.

షార్లట్ విషయంలో అంత కఠినంగా ఉన్న ఎలిజబెత్, వికమ్ విషయంలో ఏం చేసిందో చూడండి. తనతో సరదాగా తిరిగిన ఆ అందగాడు, 10,000 పౌన్లు వారసత్వంగా వచ్చిన మిస్ కింగ్ అనే అమ్మాయి వైపు తిరిగాడు. ఎలిజబెత్‌కి అది తప్పనిపించలేదు. అందమైన కుర్రాడికైనా బతకడానికి డబ్బు కావాలి కదా అనుకుంది. షార్లట్ విషయంలో ఉన్నంత చూపు ఇక్కడ లేదేమో అని ఆస్టిన్ ఒక్క ముక్క అని వదిలేస్తుంది. మేనమామ భార్య మిసెస్ గార్డినర్ మందలించబోతే ఎలిజబెత్ ఎదురు ప్రశ్న వేస్తుంది. పెళ్ళి వ్యవహారంలో ముందుచూపుకీ దురాశకీ తేడా ఎక్కడ? వివేకం ఎక్కడ ఆగి పేరాశ ఎక్కడ మొదలవుతుంది? ఆ పిల్ల దాన్ని వాదనలో గెలవడానికి వేసింది. కానీ నవల నాలుగు మూలలా పెట్టిన పెళ్ళిళ్ళన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇక ‘ట’ విషయం పూర్తిచెయ్యాలి. వికమ్ గురించి ఒకచోట, అతను ఏం మాట్లాడినా చక్కగా ఉంది, ఏం చేసినా నాజూగ్గా ఉంది అని ఉంటుంది. ఎవరూ అన్నట్టు రాయదు, వాన పడింది అన్నంత మామూలుగా రాస్తుంది. నిజానికి అది ఇంటికి తిరిగి వెళ్తున్న ఎలిజబెత్ తలలో మాట. మనం దాన్ని రచయిత్రి మాటగా తీసుకుంటాం, మోసపోతాం. పాత్ర ఆలోచనని కథకుడి వాక్యంలో కలిపేసే ఈ పద్ధతిని ఇంతకుముందు అక్కడక్కడా వాడినవాళ్ళు ఉన్నా, దాన్ని నవల వెన్నెముకగా చేసింది ఆస్టిన్. తెలుగులో ప్రతి వాక్యానికీ ‘ట’ తగిలిస్తే చాలు, ఈ నవల ఒక్క రోజులో విడిపోతుంది. విడిపోతే ఇంకేం మిగలదు.

ఆ సాయంత్రం సంగతే తీసుకోండి. ఎలిజబెత్ పిన్నమ్మ ఇంట్లో పేకాట జరుగుతోంది. వికమ్‌తో సరిగ్గా పరిచయమైన మొదటి సాయంత్రం అదే. బింగ్లీ స్నేహితుడూ పెద్ద ఎస్టేటుదారూ అయిన డార్సీ తనకి ఎంత అన్యాయం చేశాడో అతను పూసగుచ్చినట్టు చెప్పాడు. మధ్యలో, డార్సీ తండ్రి మీద గౌరవం ఉన్నంతకాలం ఆ కొడుకుని నలుగురిలో బయటపెట్టలేను అని కూడా అన్నాడు. అంటూనే అన్నీ బయటపెడుతున్నాడు. కొత్త మనిషి ఇన్ని ఇంటి సంగతులు చెప్పడం ఏమిటని ఎలిజబెత్‌కి అనుమానం రాలేదు. నిజం చెప్పండి, మీకు వచ్చిందా? నాకు రాలేదు. నెలల తరవాత, తను పెళ్ళికి కాదన్నాక డార్సీ రాసిన ఉత్తరం పట్టుకుని, హన్స్‌ఫర్డ్ పక్కనున్న రోజింగ్స్ ఎస్టేటు దగ్గర దారిలో రెండు గంటలు తిరిగినప్పుడు ఆవిడకి ఆ సాయంత్రం మళ్ళీ గుర్తొస్తుంది. అప్పుడే తెలుస్తుంది, అందులో ఒక్క ముక్క కొత్తది కాదని. సాక్ష్యమంతా ముందే కళ్ళెదుట ఉంది. ఇన్నాళ్ళూ నన్ను నేను ఎరగను అనుకుంటుంది. ఎవరినైనా ఇట్టే చదివేస్తానని మురిసిపోయే పిల్ల, తండ్రి నుంచి వచ్చిన ఆ వెటకారమే కళ్ళకి గంతలు కట్టింది. డార్సీ మొదటి రాత్రి డాన్సు దగ్గర ఎలిజబెత్ అందం గురించి ఒక తేలిక మాట అన్నాడు, దాన్ని కథగా చెప్పి అందర్నీ నవ్వించింది. అక్కడితో తీర్పు అయిపోయింది.

ఆ ఉత్తరంలో ఇంకో వాక్యం చాలామంది దృష్టికి రాదు. బింగ్లీతో జేన్ పెళ్ళికి అడ్డుపడటానికి కారణంగా డార్సీ, బెనెట్ల ఇంట్లో మర్యాద లేకపోవడాన్ని చెప్తాడు. తల్లిది, ముగ్గురు చెల్లెళ్ళది, అప్పుడప్పుడు తండ్రిది కూడా అంటాడు. నెదర్‌ఫీల్డ్ విందులో మిసెస్ బెనెట్ జేన్ పెళ్ళి ఖాయమైపోయినట్టు గట్టిగా చెప్పుకోవడం, ఎదురుగా కూర్చున్న డార్సీ వినడం మనకి గుర్తుంటుంది. అదే రాత్రి, పాట ఆపని మూడో కూతురు మేరీని ఇంకచాలు, ఇప్పటికే మమ్మల్ని చాలాసేపు ఆనందపెట్టావు అని తండ్రి నలుగురిలో ఆపినప్పుడు మనం నవ్వేశాం. డార్సీ నవ్వలేదు.

అసలు ఇలాంటి నవలల్లో కథంతా మర్యాదల మీద నడుస్తుంది. ఎవరు ముందు వంగి నమస్కరించారు, ఎవరితో డాన్సు చేశారు, పరిచయం లేకుండా ఎవరు పలకరించారు. చూడ్డానికి మర్యాదే గుణం అనిపిస్తుంది. ఆస్టిన్ ఆ రెంటినీ విడగొట్టింది. వికమ్‌కి మర్యాదంతా ఉంది. డార్సీకి లేనే లేదు, పెళ్ళి అడిగేటప్పుడు కూడా ఎలిజబెత్ కుటుంబం ఎంత తక్కువదో చెప్తూ అడుగుతాడు. నువ్వు పెద్దమనిషిలా ప్రవర్తించలేదు అని ఆవిడ అన్న మాట అతన్ని తరవాత నెలల తరబడి కాల్చింది. డార్సీ ఎస్టేటు పెంబర్లీలో, అతన్ని నాలుగేళ్ళ వయసు నుంచి ఎరిగిన ఇంటి పనిపెత్తనం చూసే ఆవిడ, ఒక్కనాడు కూడా కసురుకోలేదంటుంది. ఆ ఎస్టేటు చూసి ఎలిజబెత్, దీనికి యజమానురాలు కావడమంటే చిన్న విషయమేం కాదు అనుకుంటుంది. తరవాత జేన్ అడిగితే, పెంబర్లీ తోటలు చూసినప్పటి నుంచే ప్రేమ పుట్టింది అని జోకేస్తుంది. నవలాకారుడు వాల్టర్ స్కాట్ అంతటివాడు ఈ విషయాన్ని జోకుగా తీసుకోలేదు. ఆస్టిన్ మరో నవల ‘ఎమ్మా’ మీద రాసిన సమీక్షలో, ఆ అమ్మాయికి ఆ చక్కని భవనం, తోటలు కనపడ్డాకే తన పొరపాటు తెలిసొచ్చింది అన్నట్టు రాశాడు. ఆయన మరీ తప్పు కాదని నా ఉద్దేశం. ఏడాదికి పది వేల రాబడి లేని డార్సీని ఊహించమంటే నా వల్ల కాదు.

లిడియా పెళ్ళికి చివరికి డబ్బు కట్టింది కూడా అతనే. వికమ్ అప్పులు వెయ్యి పౌన్ల పైచిలుకు, లిడియా పేర ఇంకో వెయ్యి, సైన్యంలో కొలువు కొనడానికి వేరే. ఈ నవలలో అన్నిటికంటే పచ్చిగా జరిగిన బేరం అది, అన్నిటికంటే మంచి పని కూడా అదే.

డార్సీకి దగ్గర చుట్టం లేడీ కేథరిన్ సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. తన కూతురు యాన్‌కీ డార్సీకీ ఉయ్యాల్లోనే సంబంధం అనుకున్నామని ఆవిడ పట్టు. మనవాళ్ళు మేనరికమే కదా అని చదివేస్తారు. కానీ ఆవిడా డార్సీ తల్లీ సొంత అక్కచెల్లెళ్ళు. మన ఇళ్ళలో చాలావాటిలో ఆ పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస, ఆ సంబంధం మాటెత్తితే చెవులు మూసుకుంటారు. వాళ్ళకి ఆ తేడా లేదు. ఎలిజబెత్‌ని బెదిరించడానికి ఆవిడ పనిగట్టుకుని వచ్చి, డార్సీని పెళ్ళాడనని మాటివ్వమంటుంది. ఎలిజబెత్ ఇవ్వదు. ఆవిడ వెళ్ళి ఆ సంగతి డార్సీతో చెప్తుంది. దాంతో అతనికి ఆశ పుడుతుంది. పెళ్ళి ఆపడానికి బయల్దేరిన బండే శుభలేఖ మోసుకెళ్ళింది.

చివర్లో ఎలిజబెత్ డార్సీని చేసుకుంటానంటే తండ్రి ఎగతాళి ఆపేస్తాడు. నువ్వు గౌరవించలేని మనిషితో కాపురం చేస్తుంటే చూసే బాధ నాకు పెట్టొద్దు అంటాడు. అది తన కాపురం గురించే అని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనరు. ఆ తరవాత, లిడియా పెళ్ళి ఖర్చంతా డార్సీ పెట్టాడని ఎలిజబెత్ చెప్తుంది. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. రేపు డబ్బు తిరిగిస్తానంటాను, ప్రేమలో ఉన్నవాడు కదా ఒప్పుకోడు, అంతటితో సరి అంటాడు. ఆవిడ గది దాటుతుంటే మళ్ళీ తన గొంతులోకి వచ్చేస్తాడు. మేరీ కోసమో కిట్టీ కోసమో కుర్రాళ్ళెవరైనా వస్తే లోపలికి పంపు, నాకిప్పుడు తీరికే. మేరీ, కిట్టీల పేర అప్పటికీ ఉన్నది ఆ వెయ్యేసి పౌన్లే.